ఈ ముక్క ఇంకే బండికి వస్తుంది?

దువ్వూరులో మెకానిక్ షెడ్డు ముందు పాత పికప్ ఆగితే మేస్త్రీ ముందుగా ధర మాట ఎత్తడు. ఊడదీసిన ముక్కను పాత బనీను గుడ్డతో తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇది ఇంగ యే బండికి వస్తాదబ్బా?" అని తనలో తానే అనుకుంటాడు. ఆ బండి చేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో మానుకుంది. షోరూముకు పోతే కౌంటర్లో కూచున్న కుర్రాడు ఆ పేరే విని ఉండడు. ఇక ఉన్న దారల్లా దాని చుట్టాలెవరో కనుక్కోవడమే. ఏ ట్రాక్టరు, ఏ సుమో, ఏ నీళ్ల మోటారు దానితో ఏ ముక్క పంచుకుంటుందో తెలిసినవాడికి పాత బండి చవగ్గా పడుతుంది. తెలియనివాడికి ఎంత పోసినా చాలదు.

కడప నుంచి కర్నూలు పోయే జాతీయ రహదారి మీద, మైదుకూరు దాటాక వచ్చే మండల కేంద్రం దువ్వూరు. ఆ రోడ్డుకు ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40. పడమటి దిక్కున కుందూ నది. పొలాలకు కర్నూలు-కడప (కె.సి.) కెనాల్ నీళ్లు. ఈ కాలువను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించింది. పొలాలకు నీళ్లతో పాటు సరుకుల పడవలు కూడా నడపాలన్నది ఆ కంపెనీ ఆశ. లెక్క కుదరలేదు. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. పడవల మాట అందరూ మరిచిపోయారు, నీళ్లు మాత్రం మిగిలాయి. ఆ నీళ్లకు పండిన వరి, పసుపు, ఉల్లిగడ్డ మోయడానికి ఎద్దులబండి తర్వాత జీపు ట్రాలీ, దాని తర్వాత పికప్ వచ్చాయి. ఉడకబెట్టి, ఎండబెట్టి, రుద్దిన పసుపును కడప యార్డుకు చేర్చాలంటే చిన్నరైతుకు లారీ ఎక్కువ, ఆటో తక్కువ. మధ్యలో ఈ బండికి బేరం కుదిరింది.

పాత పికప్పులు ఈ సీమలో ఇన్ని మిగలడానికి ఇంకో కారణం వాతావరణం. సముద్రపు గాలి తగలని నేల. కోస్తా ఊళ్లలో ఇరవై ఏళ్ల బండికి తలుపు కింది అంచు పొరలు పొరలుగా రాలిపోతుంటే, ఇక్కడ అదే వయసు బండి రేకు వేలితో కొడితే ఖంగుమంటుంది. ఎండకు పోయేది రబ్బరు. అద్దాల బీడింగు, హోసులు, ఇంజిన్ మౌంటింగులు పెళుసెక్కి విరుగుతాయి. రేకు తినేది ఒక్కటే, ఎరువు. చినిగిన యూరియా బస్తా నుంచి రాలిన గుళికలు తొట్టి మూలల్లో చేరి, తేమ పీల్చి, రేకును కింది నుంచి కొరుక్కుతింటాయి. పాత పికప్ కొనేవాళ్లు బానెట్ ఎత్తి ఇంజిన్ చూడ్డానికి ఎగబడతారు. నన్నడిగితే ముందు తొట్టి కిందికి దూరి, అడ్డపట్టీల మీద స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి.

రెండు వంశాలు

ఇక్కడి పాత సరుకు బండ్లు ఎక్కువగా రెండు కుదుళ్ల నుంచి వచ్చినవి. మొదటిది మహీంద్రా జీపు. 1947లో అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడంతో ఆ కంపెనీ బండ్ల వ్యాపారం మొదలైంది. తర్వాత ఇక్కడే తయారీ. వెనక సీట్లు పీకి తొట్టి పెట్టినవి, కంపెనీయే పికప్‌గా అమ్మినవి, ఊళ్లో కోసి అతికించినవి, అన్నీ ఆ చాసిస్ బిడ్డలే. వాటిలో కొన్ని డీజిల్ ఇంజిన్లు అదే కంపెనీ ట్రాక్టర్ ఇంజిన్ల నుంచి దిగినవి కావడం రైతు ఊళ్లకు కలిసొచ్చింది. ట్రాక్టర్ విడిభాగాల అంగడి లేని మండల కేంద్రం ఉండదు కదా.

రెండోది 1988లో టెల్కో తెచ్చిన టాటా మొబైల్ వరసలోని 207. ఆ బండికి పెట్టిన 1948 సీసీ డీజిల్ ఇంజిన్ తర్వాత 1991లో సియెరాకూ, 1992లో ఎస్టేట్‌కూ, 1994లో సుమోకూ వెళ్లింది. సియెరా, ఎస్టేట్ షోకు బండ్లు, ఈ రోడ్ల మీద అరుదు. సుమో అలా కాదు. సీమ సినిమాలవాళ్లు సుమోలను వరసలుగా తిప్పి, గాల్లోకి లేపి, పేల్చి మా ప్రాంతానికి ఒక పేరు అంటగట్టారు. వాళ్లకు తెలియకుండా జరిగిన మేలు ఇంకొకటి ఉంది. పాత సుమోలు తుక్కుకు పోయినప్పుడల్లా 207 యజమానికి ఇంజిన్ సామాను దొరుకుతూ వచ్చింది. హెడ్డు, పంపు, మానిఫోల్డు, స్టార్టర్ లాంటివి వెతికేవాళ్లు 207 పేరు చెప్పి అడిగితే అంగడివాళ్లు "లేదు" అంటారు. పాత సుమోది అడిగితే అటక మీంచి దించుతారు.

మన తెలుగు నేల మీదే పుట్టిన చిన్న సరుకు బండి ఒకటుంది, అల్విన్ నిస్సాన్. 1980ల్లో హైదరాబాద్ అల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో చేసినది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి పోయింది, బండి ఆగిపోయింది. సొంత గడ్డ బండి అనే మమకారంతో దాన్ని బాగు చేయించాలనుకునేవాళ్లను నేను ఆపను. జీపుకూ 207కూ ఉన్నంత చుట్టరికం దానికి లేదని మాత్రం చెబుతాను. చుట్టరికం లేని బండికి ప్రతి ముక్కా ఖరీదే.

నట్టు దగ్గర తగువు

అసలు ఖర్చు ఇంజిన్ దగ్గర పెరుగుతుందని అందరూ అనుకుంటారు. షెడ్డులో కూచుంటే తెలుస్తుంది, రోజులు మింగేది నట్టూ బోల్టూ.

జీపు చాసిస్ అమెరికా కొలతల్లో పుట్టింది కనుక దానికి అంగుళాల మర. 1980ల్లో అదే చాసిస్ మీద ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ డిజైన్ చేసిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్ ఎక్కింది. 2112 సీసీ డీజిల్. దానికి మిల్లీమీటర్ల మర. అంటే ఒకే బండికి ఇంజిన్ ఒక లెక్కన, అది కూచున్న చట్రం ఇంకో లెక్కన. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది. కిరాణా అంగడి శేర్లు వదిలి కిలోలకు మారింది, బట్టల అంగడి గజం వదిలి మీటరు పట్టింది. జీపు చట్రం మాత్రం అంగుళాల్లోనే ఉండిపోయింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, 5/16 అంగుళాల బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. ఎం8 బోల్టు మందం 8. రెండూ అరచేతిలో పెట్టుకుంటే ఏది ఏదో కన్ను పట్టదు. మర దగ్గర తేడా. 5/16 సన్న మరకు అంగుళంలో 24 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.06 మిల్లీమీటర్లు. ఎం8 మామూలు మరకు 1.25. ఎం8 నట్టును 5/16 బోల్టుకు పట్టిస్తే మొదటి చుట్టు వేలితోనే ఎక్కుతుంది. తర్వాత బిగుస్తుంది. తుప్పేమోనని డీజిల్ పోసి, పానాకు పైపు తగిలించి లాగామంటే రెండింటి మరా నలిగి కూచుంటుంది. అప్పుడు బోల్టు కోయాలి, లేకపోతే రంధ్రానికి కొత్త మర కొట్టించాలి. పైసల్లో పోయే పని వందల్లోకి వెళ్లేది ఇక్కడే.

పానా దగ్గరా ఇదే గొడవ. 5/16 బోల్టు తల అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దానికి పడుతుంది, పట్టీపట్టనట్టు. రెండుసార్లు జారితే తల మూలలు గుండ్రమవుతాయి. ముప్పాతిక అంగుళానికి 19 పానా మాత్రం ఢోకా లేకుండా వాడొచ్చు, తేడా ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే.

షెడ్డుల్లో ఇలాంటి సంభాషణ తరచూ వినిపిస్తుంది:

"భాయ్, కొత్త నట్టే తెస్తి. ఎక్కడంల్యా."

"అది ఎంఎం నట్టు సామీ. నీ బండికి ఇంచీది కావల్ల."

"అంగట్లో ఒగటేన్యాడు గదా!"

"అమ్మేటోనికి ఒగటే. పాత బోల్టు మచ్చు తీస్కపోయి, ఆడనే తిప్పి సూసుకోని తే పో."

మచ్చు తీసుకుపోవడం అన్న ఈ ఒక్క అలవాటు ఏ డిస్కౌంటు కన్నా ఎక్కువ మిగులుస్తుంది. మంచి మేస్త్రీ బండి విప్పేటప్పుడే బోల్టులను డబ్బాలో గుమ్మరించడు. ఏ చోటివి ఆ చోటికి గుడ్డముక్కలో కట్టి, పైన సుద్దతో రాసి పెడతాడు. నట్టును దాని బోల్టుకే తిరిగి నాలుగు చుట్లు ఎక్కిస్తాడు. బిగించేనాడు ఏవి పోయాయో, ఏవి కొనాలో చీటీ రాయడానికి అదే ఆధారం.

ఇక బలం సంగతి. మిల్లీమీటర్ బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే అది తెగడానికి ఎంత లాగుడు కావాలో మెగాపాస్కల్ లెక్కలో వస్తుంది. చుక్క తర్వాతి అంకె, ఆ లాగుడులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు సాగడం మొదలవుతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, 640 దగ్గర సాగుతుంది. అంగుళాల బోల్టుకు అంకె ఉండదు, తల మీద గీతలు ఉంటాయి. మూడు గీతలైతే గ్రేడు 5, ఆరైతే గ్రేడు 8. ఇళ్లకు తలుపులు, గేట్లు బిగించే హార్డ్‌వేర్ అంగడిలో కిలో లెక్కన తూచే నల్ల బోల్టుకు ఏ గుర్తూ ఉండకపోవచ్చు. గ్రిల్లుకూ, నంబరు ప్లేటుకూ, తొట్టి పలకలకూ అది చాలు. కమాన్‌కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టు చోట అలాంటిది పెట్టడం ఆత్మహత్య. విప్పిన యూ బోల్టు కూడా ఒకసారి సాగినదే కనుక దాన్ని మళ్లీ వాడకుండా కొత్తవి వేయడం మంచిది. లుధియానాలోనో రోహ్‌తక్‌లోనో తయారై ఇక్కడి దాకా వచ్చిన బోల్టు ఎంత చవకైనా ఫరవాలేదు, తల మీద గుర్తు కనబడాలి.

బండి పేరు చెప్పకు, నంబరు చెప్పు

చవకగా కొనడానికి షెడ్డుల్లో తెలిసిన ఇంకో కిటుకు బేరింగుల దగ్గర ఉంది. బేరింగు అంచు మీద చెక్కిన నంబరు ప్రపంచమంతా ఒకటే. 6205 అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 52, మందం 15. ఏ దేశంలో చేసినా, ఏ కంపెనీ చేసినా ఇంతే. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే రంధ్రం కొలత వచ్చేస్తుంది. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది, 03 మాత్రం 17 మిల్లీమీటర్లు. "207 డైనమో బేరింగు" అని అడిగితే పాత మోడల్ సామాను కదా అని దొరకదంటారు, దొరికినా ధర ఎక్కువ చెబుతారు. నంబరు చదివి అడిగితే బోరు మోటార్లు రిపేరు చేసే అంగడిలో కూడా అదే బేరింగు అరలోంచి తీసి ఇస్తారు. ఆయిల్ సీలుకూ ఇంతే. లోపలి చుట్టు, బయటి చుట్టు, మందం అని మూడు కొలతలు దాని మీదే అచ్చు వేసి ఉంటాయి. కె.సి. కెనాల్ కింద వరి వేసే ఊళ్లలో మోటారు రిపేరు అంగళ్లకు లోటు లేదు, పాత పికప్పుకు అవన్నీ తనవే.

అన్నీ ఊళ్లో దొరకవు. బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఆటో స్పేర్ల అంగళ్లూ ఉన్నాయి. క్లచ్ ప్లేటు, బ్రేకు వాషర్ కిట్టు, ఫిల్టర్లు, హోసుల వరకు అక్కడ తీరిపోతుంది. కమాన్‌కట్టల పనికి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కు చూడటం తెలివి. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నచోట బరువు లారీలు తిరుగుతాయి, లారీలు తిరిగేచోట పట్టీలు కాల్చి వంపు తేల్చే చేతులు ఉంటాయి. జీపు పట్టీ వెడల్పు ఒకటి ముప్పావు అంగుళం. ఆ కొలత చెప్పకుండా పోతే వెడల్పు పట్టీ అంటగట్టి, తర్వాత పక్కలు అరగదీయమంటారు.

అక్కడా దొరకనివాటికి పెద్ద ఊళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే చేతులు ఎక్కువ. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త సామాను ఎక్కువ. మద్రాసు పుదుపేటలో విప్పేసిన బండ్ల సామాను కుప్పలు. కడప జిల్లావాళ్లకు పుదుపేట దగ్గర దారి కూడా. హర్యానాలో పంజాబ్ సరిహద్దును ఆనుకుని మండీ డబ్‌వాలీ అనే ఊరుంది. పాత జీపులను విప్పి, కొత్తగా కట్టి అమ్మడమే ఆ ఊరి పేరు. జీపు బాడీ రేకులు అక్కడి నుంచి దేశమంతా పోతాయి. అయితే రేకు తక్కువ ధరకు వచ్చినా లారీ కిరాయి కలుపుకుంటే ఊళ్లోని టింకరింగ్ మేస్త్రీ కూలి కన్నా ఎక్కువైన సందర్భాలు కద్దు. చేతిలో ఇమిడేది ఎంత దూరం నుంచైనా తెప్పించుకోవచ్చు, ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో వచ్చేస్తుంది. ఇద్దరు మోయాల్సింది మాత్రం దగ్గర్లోనే తీర్చుకోవాలి.

ఏ ఊళ్లోనూ దొరకనిదానికి లేతు ఉండనే ఉంది. ఈఎన్8 ఉక్కు కడ్డీ నుంచి షాకిల్ పిన్ను, గన్‌మెటల్ నుంచి బుష్, పాత తలుపు మడతబందులోకి కొత్త పిన్ను, ఇవి ఒక పూట పని. మడతబందు మొత్తం మార్చాలని కొత్తది వెతకడం కన్నా, రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెద్దది చేసి, దానికి తగిన లావు పిన్ను తిప్పించడం మేలు. తలుపు వేలాడటం ఆగిపోతుంది. తొట్టి వెనక పలక గొళ్లెం, గొలుసు కొండీ కమ్మరి కొలిమిలో కూడా అయిపోతాయి. లేతు దగ్గర చేయించకూడనివి కొన్నున్నాయి. స్టీరింగ్ రాడ్డు చివరలు, బ్రేకు సిలిండరు, చక్రం స్టడ్డులు. వీటికి పాతది, వెల్డింగ్ చేసింది, పక్క బండిది అని రాజీపడొద్దు. మిగిలినచోట ఆదా చేసిన డబ్బు ఇక్కడ పెట్టడానికే.

కాగితాల ఖర్చును చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. సొంత వాడకం బండికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి. కార్ల తరగతికి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. సరుకు రవాణా కింద నమోదైన పికప్పుకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. ఇంజిన్ మార్చినా, బాడీ రూపం మార్చినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తుక్కు అంగడిలో ఇంజిన్ కొంటే బిల్లు, పాత బండి కాగితం నకలు అడిగి పుచ్చుకోవాలి. చాసిస్ నంబరు కొట్టి ఉన్న ముక్కను ఎవరు ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021 జులైలో వింటేజ్ తరగతి పెట్టారు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20,000 ఫీజు. కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, బాడుగకు అసలే పనికిరాదు. పసుపు బస్తాలు మోయాల్సిన బండికి ఆ గౌరవం వద్దు.

ఇంకొక్కటి. విల్లీస్ కాలపు పాత జీపు కుదురు బండ్లకు ఎడమపక్క చక్రాల నట్లు ఎడమ మరతో వస్తాయి. నడిచేటప్పుడు వదులు కాకుండా ఉండాలని అప్పటివాళ్లు చేసిన ఏర్పాటు. మామూలు నట్టు విప్పే దిక్కుకు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. ఇప్పటి పంక్చరు షాపు కుర్రాళ్లు అలాంటిది చూసి ఉండరు. గాలి గన్ను పెట్టి నొక్కితే స్టడ్డు పుటుక్కున తెగుతుంది. కొత్తగా తెప్పించాల్సిన ఎడమ మర స్టడ్డు, దానికి ఎడమ మర నట్టు, రెండూ తేలిగ్గా దొరికేవి కావు. అందుకే ఎరిగిన మేస్త్రీ రంగు వేయడం పూర్తయ్యాక చిన్న కుంచె తీసుకుని, ఎడమ డ్రమ్ముల మీద పసుపు రంగుతో ఒక బాణం గుర్తు, కింద "ఇటు తిప్పు" అని రాసి పంపిస్తాడు. బండి యజమాని అందం చెడిందని సణుగుతాడు. "అందం సంగతి తర్వాత సామీ, స్టడ్డు యాడ తెస్తావో అది సెప్పు" అంటాడు మేస్త్రీ.